రావణుని బొమ్మ లేని దసరా

విజయదశమినాడు ఉత్తర హిందూస్థానమున ఊరూర రావణుని బొమ్మను నిలుపుదురు. వెదురుబద్దలతో ఎముకలగూడు, రంగుకాగితముతో చర్మము, కడుపునిండ టపాకాయలు. పలువురు అనేక దినములు శ్రమించి చేసిన ఆ బొమ్మ ప్రదోషవేళ కొన్ని నిమిషములలో బూడిదయగును. తెలుగునాట బొమ్మకు పట్టిన భాగ్యము వేరు. సంక్రాంతికో దసరాకో మెట్లపై కొలువు తీర్చిన కొండపల్లి బొమ్మలకు మన పేరంటాండ్రు హారతి పట్టుదురు. పండుగ ముగియగనే పాతగుడ్డలలో చుట్టి మరుసటి యేటికి దాచుదురు. ఒకచోట బొమ్మ యుద్ధమును మరల మరల జ్ఞప్తికి తెచ్చుటకై పుట్టుచున్నది. వేరొకచోట ఇంటిలోని బిడ్డవలె బ్రతుకుచున్నది.

ఇంద్రావతీ తీరమునగల జగదల్‌పూరులో దసరా ఈ రెండు తీరులకును చెందదు. బస్తరు దసరా విధులలో రాముడు లేడు, రావణుడు లేడు, లంకాదహనము లేదు. ఉత్సవమునకు అధిదేవత దంతేశ్వరి. ఆమెను కొలిచిన రాజవంశము తెలుగువారికి పరాయిది కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిదప కాకతీయ ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఈ అడవిసీమకు వచ్చి రాజ్యము స్థాపించెనని సంప్రదాయము. దంతెవాడలోని 1703 నాటి దిక్పాలదేవుని శాసనము కూడ ఆ వంశమును కాకతీయులతోనే ముడిపెట్టుచున్నది.

అచట బొమ్మను చేసి కాల్చుటకు మారుగా రథమును చేసి లాగుదురు. మన తిరునాళ్ళ రథములవలె అది కొట్టములో దాచిన పాతరథము కాదు; ఏటేట క్రొత్తగా చేయవలసినది. డెబ్బదియైదు దినముల పండుగ హరేలి అమావాస్యనాడు ఒక దుంగకు పూజ చేయుటతో మొదలగును. ఉత్తరాదివారు శ్రావణ అమావాస్య యనునది ఇదియే. మన పంచాంగమున ఆషాఢ బహుళ అమావాస్య. పిమ్మట అడవినుండి మద్దికొయ్య, సాలకొయ్య మొదలగునవి వచ్చును. బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ అను రెండు గ్రామములవారు రథము చేయుటకు వంశపారంపర్యముగా హక్కుగలవారు. వడ్రంగము వారిది, కమ్మరము వారిది. ఒక ఊరు కొయ్య తెచ్చును, ఒక ఊరు నారతో మోకులు పేనును, కిలెపాలు ప్రాంతపు మాడియాలు ఎనిమిది చక్రముల విజయరథమును లాగుదురు. నాలుగు చక్రముల పూలరథమును లాగువారు వేరు. ఏ పని ఎవరిదో అందరికిని తెలియును. ఒకరి పని వేరొకరు చేయుట మర్యాద కాదు. కొండగావ్‌లో మైనపుతీగను మట్టిపై చుట్టి, కరిగిన ఇత్తడిని పోసి ఊయెలమీది అమ్మవారిని, ఏనుగులను, గుఱ్ఱములను సృష్టించు ఘడ్వాలు కూడ ఈ దేశపువారే. వారి ఇత్తడి బొమ్మ అరచేతిలో ఇమిడిపోవును. ఈ కొయ్యబొమ్మ వీథినంతయు ఆక్రమించును. నిజమునకు రథము కూడ ఒక సమాజమంతయు కూడి చేసిన మహా బొమ్మయే.

ఈ పండుగలో రాజునకు దక్కిన స్థానము విచిత్రమైనది. ఉత్సవము జరుపుటకు అతడు మొదట కాఛిన్‌దేవి అనుమతి వేడవలెను. మిర్గాన్ కులపు చిన్నబాలిక దేవి ఆవేశించినదై ముండ్ల ఊయెలపై పరుండి అనుమతి ఇచ్చును. ఒక సాలెబిడ్డ తలయూపనిదే సింహాసనము కదలదు.

అంతకంటె విచిత్రము దశమినాటి రాత్రి జరుగును. విజయరథము ఊరు తిరిగి వచ్చిన తరువాత, అడవిజనులు దానిని దొంగిలింతురు. దొంగతనమన్న మాట వారిదే. కాని వందలమంది మోకులు పట్టి నగరము మేలుకొనియుండగా చేయు దొంగతనమది. రథమును కుమ్హడాకోట వనమునకు లాగికొనిపోయి అచట దాచుదురు. మరునాడు రాజు అచటికి పోయి, వారితో కూర్చుండి క్రొత్తబియ్యపు నవాన్నము భుజించి, వారిని ప్రసన్నులను చేసికొనవలెను. అప్పుడు గాని రథము మరలదు. లోనికి లాగుటను భీతర్ రైనీ యనియు, వెలుపలినుండి తెచ్చుటను బాహర్ రైనీ యనియు అందురు.

దీనిని వినోదమని త్రోసివేయువారు కలరు. కాని ఇందలి అర్థము దాగియుండునది కాదు. రథము చేసినది మా చేతులు, లాగినది మా భుజములు, అది మా మాట వినక నిలువదు. రాజు మా యొద్దకు వచ్చి మా కంచములో తినవలెను. కత్తి దూయకయే ప్రభువును అడవికి రప్పించు విధానమిది. ఇంతటి స్పష్టమైన నిరసనను పండుగలో కలిపి, ప్రభువుచేతనే ఆచరింపజేసిన జాతులు అరుదు.

ఈ అర్థము కేవలము వ్యాఖ్యాతల ఊహ కాదనుటకు 1876 నిదర్శనము. ఆ సంవత్సరమున రాజు భైరమదేవుడు ఇంగ్లండు యువరాజు దర్శనమునకై ప్రయాణమయ్యెను. మారెంగా యొద్ద మురియాలు దారికడ్డము నిలిచిరి. తమను దివాను గోపీనాథ కపర్దార్ చేతిలోను, మున్షీ ఆదిత్‌ప్రసాదు చేతిలోను విడిచిపోవలదని వారి ప్రార్థన. ప్రార్థనకు తుపాకి సమాధానమిచ్చెను. జనులు జగదల్‌పూరును ముట్టడించిరి. గోదావరి యొడ్డున మన కాళేశ్వరమునకు ఎదుటనున్న సిరొంచనుండి డిప్యూటీ కమిషనరు మాక్‌జార్జి వచ్చి, వారి మొరలు విని, ఆ అధికారులను తొలగించెను. 1876 మార్చి 8న జరిగిన ఆ సమావేశమే మురియా దర్బారునకు మూలము. తరువాత అది దసరాలో ఒక అంగమయ్యెను. రథము చెప్పుచున్న మాటను దర్బారు నోటితో చెప్పెను, అంతే భేదము.

కాని ఆచారము సర్వకాలములందును రక్షింపజాలదు. అడవులను రిజర్వు చేయుట, వెట్టిచాకిరి, అధికారుల దౌష్ట్యము పెరిగి పెరిగి 1910 ఫిబ్రవరిలో భూమ్‌కాల్‌గా ప్రజ్వలించెను. రాజు రుద్రప్రతాపదేవుడు. ఊరినుండి ఊరికి మామిడికొమ్మ, మన్నుగడ్డ, మిరపకాయలు, బాణములు తిరిగినవి. రథపు మోకు అందరిని కలిపినట్లే ఈ సంకేతములును కలిపినవి. అయితే ఈ మారు పిలుపు నవాన్నమునకు కాదు. తిరుగుబాటును అణచుటకు బ్రిటిషు సేనలకు సుమారు మూడు మాసములు పట్టెను. నేతానారు గ్రామవాసి గుండా ధుర్ వారికి చిక్కనేలేదు. రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణమును ప్రభుత్వము ఇంచుమించు సగమునకు తగ్గించెను. వినవలసినవాడు ముందే కుమ్హడాకోటకు పోయియుండిన, ఆ సగము కొరకు అంత రక్తము కావలసి వచ్చెడిది కాదు.

చేతితో చేసిన వస్తువు యుద్ధము నెదుట ఎంతవరకు నిలువగలదను ప్రశ్న బస్తరునకే పరిమితము కాదు. 1924లో అమెరికా జపానీయుల వలసను నిషేధించినప్పుడు, జపానులో చిరకాలము మతప్రచారకుడుగా నుండిన సిడ్నీ గ్యూలిక్ ఒక ఉపాయము పన్నెను. 1927లో అమెరికా బాలబాలికలు 12,739 బొమ్మలను జపాను పాఠశాలలకు పంపిరి. బొమ్మలు అంగళ్ళలో కొన్నవే అయినను, వాని బట్టలు కుట్టినవి తల్లుల చేతులు, ఆడుపిల్లల చేతులు. ప్రతి బొమ్మకును ఒక ఉత్తరము, ఒక ప్రయాణపు చీటి. అచటి బొమ్మల పండుగ మార్చి 3న. మన కొలువువలెనే మెట్లపై బొమ్మలను నిలుపు పండుగ అది. ఆ వేళకు అవి చేరినవి. షిబుసావా ఎయిచి పూనికతో జపాను 58 బొమ్మలను ప్రత్యేకముగా చేయించి బదులు పంపెను. పదునాలుగేండ్లకు యుద్ధము రానేవచ్చెను. నీలికన్నుల బొమ్మలు శత్రువులైనవి. 1943 ప్రాంతమున వానిని కాల్చిరి, వెదురుబల్లెములతో పొడిచిరి. కొందరు ఉపాధ్యాయులు మాత్రము వానిని పాఠశాలల మూలలలో దాచిరి. అట్లు మిగిలినవి మూడువందలకు పైచిలుకు. బొమ్మలు యుద్ధమును ఆపలేదు, నిజము. కాని రాజ్యము కాల్చుమన్నదానిని దాచిన ఉపాధ్యాయుని ధైర్యమునకు వేరొక కొలబద్ద ఉన్నదా?

జగదల్‌పూరు కూడ అట్టి పరీక్షలను చూచినది. 1966 మార్చి 25న రాజభవనపు ఆవరణలోనే పోలీసు కాల్పులలో మాజీ రాజు ప్రవీరచంద్ర భంజదేవుడును, ఆయనతోనున్న ఆదివాసులును మరణించిరి. ఏ ముంగిట రథము ఆగునో ఆ ముంగిటనే రక్తము చిందెను. ఒకప్పుడు రాజు ఎక్కిన రథముపై ఇప్పుడు దంతేశ్వరి ఛత్రము మాత్రమే కొలువుదీరును. 2005లో సల్వా జుడుం ఆరంభమైన తరువాత దక్షిణ బస్తరున ఊళ్ళు పాడుపడినవి. వేలాది కోయజనులు సరిహద్దు దాటి నాటి ఖమ్మము జిల్లా అడవులకు వలసవచ్చిరి. ఆదివాసి యువకులకు ప్రత్యేక పోలీసు అధికారులను పేరుతో ఆయుధములిచ్చి పోరునకు పంపుట రాజ్యాంగవిరుద్ధమని 2011 జులై 5న సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. మామిడికొమ్మ తిరిగిన దారులలోనే ఈ మారు తుపాకులు తిరిగినవి. ఇరువైపులను మరణించినవారిలో అడవిబిడ్డలే అధికులు.

ఆ యేండ్లలోను ఉమర్‌గావ్ వడ్రంగులు ఉలి పట్టిరి. రథము దొంగిలింపబడెను, నవాన్నము వండబడెను. మురియా దర్బారు సిర్‌హాసార్ భవనమున కూడుచున్నది. రాజు కూర్చుండిన చోట ఇప్పుడు ముఖ్యమంత్రియు మంత్రులును కూర్చుందురు. పరగణాల మాఝీలు, చాల్కీలు తలపాగాలతో వచ్చి, ఒక్కొక్కరే లేచి, తమ ఊరి మొర చెప్పుదురు.