ముప్ఫై అయిదేళ్ళ తలుపు, మూడొందల ఏళ్ళ తలుపు

సౌదీలో కొన్ని పాత విల్లాలకి గరాజు ఇంటిని ఆనుకుని ఉండదు, కాంపౌండులో ఓ మూల విడిగా ఉంటుంది. తలుపులు ఎక్కువగా ఇనప రేకువే. జెద్దా ఉప్పుగాలికి ఆ రేకు కింద అంచు నుంచి తుప్పు తినేస్తూ వస్తుంది. మార్చాలంటే మళ్ళీ ఇనుమా, అల్యూమినియమా, కలపా? ఇదే ప్రశ్న ఈ దేశంలో ఒకప్పుడు చాలా పెద్ద తలుపు దగ్గరే వచ్చింది.

1630 వరద తర్వాత ఒట్టోమన్ సుల్తాన్ నాలుగో మురాద్ కాబాని తిరిగి కట్టించి, కొత్త తలుపు పెట్టించాడు. అది దాదాపు మూడొందల ఏళ్ళు నిలిచింది. 1940లలో రాజు అబ్దుల్ అజీజ్ కాలంలో దాన్ని మార్చారు. ఈసారి లోపల అల్యూమినియం, పైన బంగారు పూత పూసిన వెండి రేకులు. ఆ రోజుల్లో అదే ఆధునికం మరి! 1977లో రాజు ఖాలిద్ దాని మీద గీతలు గమనించి కొత్తది చేయమన్నాడు. 1979లో అమర్చిన ఆ తలుపుకీ, లోపలి తలుపుకీ కలిపి 280 కిలోల బంగారం పట్టింది. అందరూ బంగారం గురించే చెబుతారు. నాకు మాత్రం దాని వెనకున్న చెక్క మీదే ఆసక్తి. గీతలు పడింది పైపూతకే కావచ్చు, అయినా లోపలికి మళ్ళీ కలపనే ఎంచుకున్నారు. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళం దీన్ని రోల్‌బ్యాక్ అంటాం.

టేకు సంగతి గుమ్మానికి పసుపు రాసే మనకి కొత్తగా చెప్పాలా! అందులోని నూనెకి చెద తొందరగా పట్టదు, తేమకి పెద్దగా వంకర పోదు. జెద్దా పాతబస్తీ అల్ బలద్‌లో పగడపు రాతి ఇళ్ళకి తలుపులూ, రోషాన్‌లనే చెక్కుడు కిటికీలూ చేసిన టేకు మన దేశం నుంచీ, జావా నుంచీ ఓడల్లో వచ్చినదే. 2014లో యునెస్కో ఆ పేటని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

సముద్రానికి దూరమైన రియాద్‌లో అంత దూరం నుంచి కలప తేవడం ఎవరి తరం? అక్కడ ఖర్జూరపు మొద్దులూ, ఉప్పునేలలో కూడా బతికే అథల్ చెట్టూ దిక్కు. మస్మక్ కోట తలుపు వాటితో చేసిందే. 1902 జనవరిలో అబ్దుల్ అజీజ్ మనుషులు కోట పట్టుకున్నప్పుడు విరిగిన ఈటె మొన ఇప్పటికీ అందులోనే ఉంది.

గరాజుకి టేకు ఎవరూ కొనలేరు కానీ, ఆ కోట తలుపులో ఒక ఏర్పాటు మాత్రం పనికొస్తుంది. పెద్ద తలుపు మధ్యలో ఒక మనిషి వంగి దూరేంత చిన్న తలుపు ఉంటుంది, దాన్ని ఖోఖా అంటారు. అది శత్రువు కోసం పెట్టినదే. అయినా రాకపోకలన్నీ దాన్లోంచే జరిగితే పెద్ద తలుపు బందులకి రోజూ అరుగుదల ఉండదు. గరాజుకి జింకు పూత రేకు వేయించినా, కింద అంచు నేలకి తగలకుండా కాస్త ఎత్తులో ఆపించి, ఇలాంటి చిన్న తలుపొకటి కోయించడం మేలు.