అవతలి ఎండ్ మేటి బ్యాటర్లు: విజయనగరం నుంచి ఉప్పల్ దాకా

ఒకే జట్టులోనో ఒకే కాలంలోనో తమకన్నా పేరున్న ఆటగాడు ఉండటంతో అర్హతకు తగ్గ గుర్తింపు దక్కని బ్యాటర్లు క్రికెట్‌లో మొదటినుంచీ ఉన్నారు. తెలుగునాట ఈ ప్రస్తావన రాగానే ఎవరి నోటైనా వచ్చే పేరు వి.వి.ఎస్. లక్ష్మణ్. అది న్యాయమే. అయితే ఈ కథలో తెలుగువారి పేరు అంతకు డెబ్బై ఏళ్ల ముందే కనిపిస్తుంది. వీళ్లందరి స్కోరుకార్డులూ వరసగా పెట్టి చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఆటలో లోటు ఉండి మరుగునపడ్డవాళ్లు తక్కువ. ఏ స్థానంలో దిగారు, అవతలి ఎండ్‌లో ఎవరున్నారు అన్నదే చాలామంది పేరును తేల్చింది.

విజయనగరం జట్టు

పూసపాటి వంశీకుడు విజయానంద గజపతిరాజు (1905–1965)ను క్రికెట్ లోకం 'విజ్జీ' అని పిలిచింది. శాసనోల్లంఘన ఉద్యమం మూలాన 1930–31లో ఎం.సి.సి. జట్టు భారత్‌కు రావడం మానుకుంది. విజ్జీ సొంత డబ్బుతో ఒక జట్టు కట్టాడు. ఇంగ్లండ్ ఓపెనర్లు జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌లను రప్పించి భారత్‌లోనూ సిలోన్‌లోనూ ఆడించాడు. ఈ పర్యటనలో హాబ్స్ కొట్టిన రెండు సెంచరీలను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. తీసుకుంటే అతని ఫస్ట్‌క్లాస్ శతకాలు 199, వదిలేస్తే 197. ప్రపంచ రికార్డు పక్కన ఓ చిన్న చుక్కలా విజయనగరం పేరు అలా నిలిచిపోయింది.

హాబ్స్ వెంట వచ్చిన సట్‌క్లిఫ్ అసలుసిసలు అవతలి ఎండ్ మనిషి. 54 టెస్టుల్లో 4,555 పరుగులు, సగటు 60.73. హాబ్స్ సగటు 56.94. అంకెల్లో సట్‌క్లిఫ్‌దే పైచేయి, పేరు మాత్రం హాబ్స్‌ది. 1926లో ఓవల్‌లో వానకు తడిసి ఎండకు ఆరుతున్న వికెట్ మీద ఇద్దరూ 172 పరుగులు జోడించారు. హాబ్స్ సరిగ్గా 100, సట్‌క్లిఫ్ 161. ఇంగ్లండ్‌కు యాషెస్ తెచ్చిన ఆ రోజును జనం హాబ్స్ పేరుతోనే తలుచుకుంటారు. హాబ్స్ ఆట కంటికి ఇంపు, సట్‌క్లిఫ్ ఆట జట్టుకు దన్ను. ఇంపైన ఆటకే ఎప్పుడూ ఎక్కువ మార్కులు పడతాయనుకోవద్దు. లక్ష్మణ్ విషయంలో ఇది పూర్తిగా తలకిందులైంది.

1936లో విజ్జీ భారత కెప్టెన్‌గా ఇంగ్లండ్ వెళ్లాడు. మూడు టెస్టుల్లో అతను చేసినవి 33 పరుగులే, సగటు 8.25. ఇక్కడ నీడ పరచింది బ్యాటు కాదు, కెప్టెన్ టోపీ. లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట తొలి టెస్టుకు ముందే ఓడ ఎక్కించారు. మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్ 114, ముస్తాక్ అలీ 112 చేసి తొలి వికెట్‌కు 203 జోడించారు. ఓవల్‌లో సి.కె. నాయుడు దెబ్బ తగిలాక కూడా నిలబడి 81 చేశాడు. తెలుగు మూలాలున్న కుటుంబంలో నాగపూర్‌లో పుట్టిన నాయుడికి టెస్టుల్లో అదే అత్యధిక స్కోరు. ఇన్ని ఉన్నా ఆ పర్యటన గురించి నేటికీ చెప్పుకునేవి విజ్జీ ముచ్చట్లే.

మర్చంట్‌ది ఇంకో రకం దురదృష్టం. అతని ఫస్ట్‌క్లాస్ సగటు 71.64, చరిత్రలో రెండో స్థానం. మొదటి స్థానంలో 95.14తో బ్రాడ్‌మన్ కూర్చున్నాడు. అంత దూరాన ఉన్న మొదటి పేరు పక్కన రెండో పేరును ఎవరు చదువుతారు?

హైదరాబాద్ వాళ్లు

సికింద్రాబాద్‌లో పుట్టిన ఎం.ఎల్. జయసింహ (1939–1999) రంజీల్లో హైదరాబాద్‌కు ఏళ్ల తరబడి కెప్టెన్. భారత కెప్టెన్ పటౌడీ అదే జట్టులో జయసింహ మాట వింటూ ఆడేవాడు. దేశం జట్టు దగ్గరికొచ్చేసరికి వరస మారిపోయేది. 1968లో ఆస్ట్రేలియా పర్యటనకు మొదట జయసింహను ఎంపిక చేయలేదు. గాయాలపాలైనవారికి బదులుగా మధ్యలో పిలిస్తే విమానం దిగి బ్రిస్బేన్ టెస్టులో 74, 101 చేశాడు. భారత్ 39 పరుగుల తేడాతో ఓడింది. 39 టెస్టుల్లో 2,056 పరుగులు చేసిన అతన్ని గురించి తలుచుకునేవాళ్లు ముందుగా చెప్పేది ఎత్తిపెట్టిన కాలరు, నడక. ఆ తర్వాతే బ్రిస్బేన్.

1997లో కేప్‌టౌన్‌లో అజారుద్దీన్ 110 బంతుల్లో 115 చేసినప్పుడు అవతల టెండూల్కర్ 169 కొట్టాడు. అజార్‌కు మామూలుగా పేరుకు కొదవలేదు కాబట్టి ఈ జాబితాలో అతను ఆ ఒక్కరోజు చుట్టమే.

లక్ష్మణ్

వంగిపురపు వెంకటసాయి లక్ష్మణ్ 1974 నవంబరు 1న హైదరాబాద్‌లో పుట్టాడు, 1996లో అహ్మదాబాద్‌లో దక్షిణాఫ్రికాపై టెస్టుల్లోకి వచ్చాడు. మధ్యవరసలో ఖాళీ లేక కొన్నేళ్లు ఓపెనింగ్ చేయాల్సి వచ్చింది. మూడులో ద్రవిడ్, నాలుగులో టెండూల్కర్, ఐదులో గంగూలీ. ఆ ముగ్గురిలో ఎవర్ని లేపుతారు? 1999–2000 రంజీ సీజన్‌లో 1,415 పరుగులు, 8 సెంచరీలు చేశాక గానీ అతన్ని మధ్యవరసలోనే ఆడించాలన్న మాట బలపడలేదు.

2001 మార్చిలో ఈడెన్ గార్డెన్స్ సంగతి తెలియనివారు లేరు. అయినా స్కోరుకార్డు ఓసారి దగ్గరగా చూడాలి. ఆస్ట్రేలియా 445. భారత్ 171కే కుప్పకూలి ఫాలోఆన్ ఆడింది. అందులో ఆరో స్థానంలో దిగిన లక్ష్మణ్‌వి 59, అందరికంటే ఎక్కువ, చివర్న అవుటైందీ అతనే. రెండో ఇన్నింగ్స్‌లో అతన్ని మూడుకు పంపి ద్రవిడ్‌ను ఆరుకు దించారు. వచ్చింది 281. అప్పటికి భారత రికార్డయిన గావస్కర్ 236 నాటౌట్ చెరిగిపోయింది. షేన్ వార్న్ లెగ్‌స్టంప్ అవతల గరుకులో వేసిన బంతిని ఓసారి మిడ్‌వికెట్ మీదుగా లాగి, మళ్లీ అలాంటి బంతినే అడుగు పక్కకు జరిగి ఎక్స్‌ట్రాకవర్ వైపు తోశాడు. ఒకే చోట పడ్డ బంతికి రెండు దిక్కులుంటే ఫీల్డర్‌ను ఎక్కడ పెట్టాలి? నాలుగో రోజంతా ఒక్క వికెట్టూ పడకుండా లక్ష్మణ్, ద్రవిడ్ 335 పరుగులు జోడించారు, మొత్తం భాగస్వామ్యం 376. వరుసగా 16 టెస్టులు గెలిచి వచ్చిన ఆస్ట్రేలియా 171 పరుగుల తేడాతో ఓడింది. ఆ ఒక్క మ్యాచ్‌లో నీడన పడ్డది ద్రవిడ్ 180.

ఆ తర్వాత లక్ష్మణ్ మళ్లీ కిందికే. ద్రవిడ్ మూడో స్థానానికి తిరిగి వెళ్లాడు, లక్ష్మణ్ ఎక్కువగా ఐదులోనూ ఆరులోనూ ఆడాడు. ఆరో స్థానమంటే సగం కాలం బౌలర్లను వెంటేసుకుని ఆడటమే. సెంచరీకి చేరేలోపు అవతల మనుషులు అయిపోతారు. 134 టెస్టుల్లో 8,781 పరుగులకు సెంచరీలు 17, అర్ధశతకాలు 56 ఎందుకో వెతకాలంటే ముందుగా చూడాల్సింది అక్కడే.

2003–04 ఆస్ట్రేలియా పర్యటన ఈ వ్యాసానికి ఆయువుపట్టు. అడిలైడ్‌లో లక్ష్మణ్ 148. అతనితో 303 జోడించిన ద్రవిడ్ 233, రెండో ఇన్నింగ్స్‌లో అజేయంగా 72. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ ద్రవిడ్. సిడ్నీలో లక్ష్మణ్ 178. అతనితో 353 జోడించిన టెండూల్కర్ 241 నాటౌట్. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ టెండూల్కర్. రెండూ సబబైన నిర్ణయాలే, తప్పుపట్టడానికి లేదు. ఆస్ట్రేలియాలో నెల తిరక్కుండా మూడొందలు దాటిన రెండు భాగస్వామ్యాల్లో ఉండి కూడా ఒక్క బహుమతీ రాకపోవడం లక్ష్మణ్‌కే చెల్లింది.

2010 అక్టోబరులో మొహాలీలో మరోటి. లక్ష్యం 216, స్కోరు 124కి 8. వెన్నునొప్పితో లక్ష్మణ్ బైరన్నర్‌ను పెట్టుకుని ఆడాడు. పాతపట్నంలో టెన్నిస్ బంతితో ఆడే కుర్రాళ్లకు ఆ తంతు బాగా తెలుసు: పరుగెత్తేది ఒకడు, కొట్టేది ఒకడు, తిట్లు అందరికీ. ఇషాంత్ శర్మ 31 చేసి తోడు నిలిచాడు, ఇద్దరూ 81 జోడించారు. చివర్లో ప్రజ్ఞాన్ ఓఝా పరుగుకు తటపటాయిస్తే, ఎప్పుడూ గొంతు పెంచని లక్ష్మణ్ బ్యాటు ఊపి మరీ కేకలేశాడు. భారత్ ఒక్క వికెట్ తేడాతో గెలిచింది. అజేయంగా 73 చేసినవాడికి ఈసారీ బహుమతి లేదు, అది జహీర్ ఖాన్‌కు వెళ్లింది.

వన్డేల్లో 86 మ్యాచ్‌లు, 6 సెంచరీలు, ఒక్క ప్రపంచకప్ మ్యాచ్ కూడా లేదు. 2003 జట్టులో చోటు దక్కకపోవడం తనను బాగా కుంగదీసిందని లక్ష్మణే చెప్పుకున్నాడు. వికెట్ల మధ్య పరుగు చురుగ్గా లేదన్న విమర్శలో నిజం ఉంది. 2012 ఆగస్టు 18న, సొంతూరు హైదరాబాద్‌లోని ఉప్పల్‌లో న్యూజిలాండ్‌తో టెస్టుకు జట్టులో పేరుండగానే, ఆ మ్యాచ్ ఆడకుండా రిటైరయ్యాడు.

విశాఖ మైదానం

ఉత్తరాంధ్ర జనం అంతర్జాతీయ ఆట చూడటానికి వెళ్లే విశాఖ స్టేడియం కూడా ఇలాంటి స్కోరుకార్డులకు నెలవు. 2005 ఏప్రిల్ 5న పాకిస్థాన్‌పై సెహ్వాగ్ 40 బంతుల్లో 74 బాదాడు. ఆ రోజు 148 కొట్టిన ధోనీ ముందు అది ఎవరికీ గుర్తులేదు. 2019 అక్టోబరులో దక్షిణాఫ్రికాపై మయాంక్ అగర్వాల్ 215 చేశాడు, అతని తొలి టెస్టు సెంచరీయే డబుల్ సెంచరీ. తొలిసారి టెస్టుల్లో ఓపెనర్‌గా దిగిన రోహిత్ శర్మ 176, 127 చేశాడు. పేపర్లన్నీ రోహిత్‌వే.

2018 అక్టోబరు 24న వెస్టిండీస్‌తో టై అయిన వన్డేలో కోహ్లి అజేయంగా 157 చేసి 10,000 పరుగులు దాటాడు. అతనితో 139 జోడించి 73 చేసింది గుంటూరు కుర్రాడు అంబటి రాయుడు. నాలుగో స్థానం అతనిదేనని అప్పుడు అందరూ అనుకున్నారు. ఆరు నెలలకు ప్రకటించిన ప్రపంచకప్ జట్టులో అతని పేరు లేదు. 55 వన్డేల్లో 47 సగటున్న బ్యాటర్ అతను.

విశాఖ కుర్రాడు వై. వేణుగోపాలరావుది అంతకుముందు కథ. 2004లో గుర్గావ్‌లో ఇంగ్లండ్ 'ఎ' జట్టుపై సౌత్‌జోన్ 501 పరుగుల లక్ష్యాన్ని ఛేదించింది. అతను 228 నాటౌట్. అవతలి జట్టులో రెండు ఇన్నింగ్స్‌లోనూ సెంచరీలు కొట్టింది కెవిన్ పీటర్సన్. మరుసటి ఏడాదికి పీటర్సన్ యాషెస్ వీరుడయ్యాడు. వేణుగోపాలరావు ఆడింది 16 వన్డేలు.

కాకినాడలో పుట్టిన హనుమ విహారి 2021 జనవరిలో సిడ్నీలో తొడ కండరం పట్టేసినా 161 బంతులు ఆడి 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. పరుగెత్తలేడు కాబట్టి నిలబడే ఆడాడు. అశ్విన్‌తో కలిసి టెస్టును డ్రాగా కాపాడాడు. అదే ఇన్నింగ్స్‌లో పంత్ 97 చేశాడు. గాయంతో విహారి తర్వాతి టెస్టు ఆడలేకపోయాడు. అది బ్రిస్బేన్‌లో జరిగింది. జయసింహ సెంచరీ కొట్టినా భారత్ ఓడిన ఆ ఊళ్లోనే పంత్ అజేయంగా 89 చేసి గెలిపించాడు.