కాలజ్ఞానమూ, మనస్తత్వ శాస్త్రమూ

కడప జిల్లాలో ఏ వింత జరిగినా, ఏ ఆపద వచ్చినా, వెంటనే వినవచ్చే మాట వొకటి వుంది: "బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పినారు." ఎద్దులు లేని బండ్లు నడుస్తాయని చెప్పినారంటూ రైలును చూపుతారు. వితంతువు రాజ్యమేలుతుందని చెప్పినారంటూ 1966లో ప్రధాని అయిన ఇందిరాగాంధీని చూపుతారు. 2020లో 'కోరంకి' అనే పేరున్న వొక పద్యాన్ని చూపి, అది కరోనాయేనన్నారు.

ఈ మాట విని నవ్వి వూరుకోవడం మనవాళ్లలో చాలామందికి అలవాటు. కాని వెక్కిరింత విమర్శ కాదు. వ్యవహారంలో నిక్కచ్చిగా వుండే రైతు, అంగట్లో తూకం ఆరు సార్లు చూసుకునే గృహిణి, పరీక్షలు ప్యాసయిన ఉపాధ్యాయుడు ఈ వొక్క విషయంలో మాత్రం రుజువు ఎందుకు అడగరు? ఇది తెలివితక్కువతనం గురించిన ప్రశ్న కాదు, మనస్సు పనిచేసే తీరు గురించిన ప్రశ్న. దీనికి సమాధానం వెతకడంలోనే మనస్తత్వ శాస్త్రం తాను శాస్త్రమెట్లా కావాలో నేర్చుకున్నదని నా ఉద్దేశం.

ముందుగా వొక విషయం స్పష్టం చేయాలి. పోతులూరి వీరబ్రహ్మం 17వ శతాబ్ది వాడని సంప్రదాయం చెబుతున్నది. బనగానపల్లెలో పసువులు కాసి, కందిమల్లాయపల్లెలో స్థిరపడి, అక్కడే సజీవ సమాధి పొందినాడని ప్రతీతి. దూదేకుల సిద్దయ్యను, మాదిగ కక్కయ్యను శిష్యులుగా స్వీకరించినాడన్న కథలను రాయలసీమ పల్లెలు ఈనాటికీ చెప్పుకుంటున్నాయి. కులాన్ని ధిక్కరించిన ఆ సంప్రదాయం మనకు గౌరవనీయం. నేను పరీక్షించదలచింది ఆయనను కాదు, ఆయన పేర చలామణి అవుతున్న భవిష్యద్దర్శనాన్ని.

ఐతే కొందరు మిత్రులు అంటారు: కులానికి వ్యతిరేకంగా నిలిచిన పేరు గదా, ఆ పేరు చుట్టూ వున్న నమ్మకాన్ని కదిలించడం దేనికి? ఈ వాదం కొత్తది కాదు. 1934 జనవరిలో బీహారులో భూకంపం వచ్చినప్పుడు గాంధీజీ అది అస్పృశ్యతా పాపానికి దేవుడు విధించిన శిక్ష అన్నాడు. అస్పృశ్యతను గాంధీజీ వలెనే ద్వేషించిన రవీంద్రుడు దానిని బహిరంగంగా ఖండించినాడు. ప్రకృతి ఉత్పాతానికి నైతిక కారణం అంటగడితే ప్రజల్లో అవివేకం బలపడుతుందని, అదే తర్కాన్ని రేపు ఎదుటి పక్షం కూడా వాడుకోగలదని ఆయన భయం. మంచి పనికోసం చెడ్డ తర్కాన్ని అరువు తెచ్చుకోకూడదన్న పాఠం మనకు అప్పుడే అందింది.

ఇక పరీక్షకు వద్దాం. మొదటి ప్రశ్న కాలాన్ని గురించినది. ఏ జోస్యాన్నయినా పరీక్షించాలంటే అది సంఘటనకు ముందు వ్రాసినదో తర్వాత వ్రాసినదో తేలాలి. మద్రాసు రైలు మార్గం కడప మీదుగా సాగింది 1860 దశకంలో. ఎద్దులు లేని బండ్ల మాట అంతకు ముందటి తేదీ గల ఏ వ్రాతప్రతిలో వుంది? కాలజ్ఞానం నోటి నుంచి నోటికి పాకిన సాహిత్యం. పాడేవాడల్లా వొక చరణం కలుపుతాడు, అచ్చువేసేవాడల్లా వొక పుట పెంచుతాడు. ఈ చిక్కును కడప ఏనాడో ఎరుగును. 1820లో ఇక్కడికి ఉద్యోగిగా వచ్చిన సి.పి.బ్రౌను వేమన పద్యాల వ్రాతప్రతులను అనేకం సేకరించి, పండితులను కూర్చోబెట్టి, ప్రతికి ప్రతిని సరిపోల్చి, 1829లో అచ్చువేసినాడు. ఏ రెండు ప్రతులూ వొకటిగా లేనప్పుడు దేనినీ గుడ్డిగా నమ్మరాదన్నది ఆ పద్ధతికి ప్రాణం. ఆయన నివసించిన చోటనే ఈనాడు ఆయన పేర గ్రంథాలయం వుంది. వేమనకు జరిగిన ఆ సేవ కాలజ్ఞానానికి కూడా జరగాలనడం అపచారం కాదు.

రెండవ ప్రశ్న: ఏం జరిగితే జోస్యం తప్పినట్టు? కాలజ్ఞాన ప్రతుల్లో అధిక భాగాన్ని బనగానపల్లెలో పాతిపెట్టి, దాని మీద చింతచెట్టు నాటినారని వొక కథ వుంది. కథగా అది అందమైనదే. కాని ఏదైనా సంఘటన అచ్చుప్రతిలో కనపడకపోతే పాతిపెట్టిన దానిలో వుంటుందని చెప్పే వీలు అది కల్పిస్తున్నది. తప్పు కావడానికి వీలులేని మాట తప్పు కాదు, నిజమే. అందువల్లనే అది ఒప్పూ కాదు.

ఇటువంటి మాటలు మనకు ఎందుకు ఒప్పుగా తోస్తాయో మనస్తత్వవేత్తలు ప్రయోగం చేసి చూసినారు. బెర్ట్రామ్ ఫోరర్ అనే అమెరికన్ ఆచార్యుడు 1949లో ప్రచురించిన ప్రయోగంలో 39 మంది విద్యార్థులకు వొక్కొక్కరి స్వభావాన్ని విడివిడిగా విశ్లేషించినట్టు చెప్పి కాగితాలు పంచినాడు. తమకు ఎంత సరిపోయిందో మార్కులు వేయమంటే సగటున 5కి 4కు పైగానే వేసినారు. అందరికీ ఇచ్చింది వొకే కాగితం. అందులోని వాక్యాలు ఎక్కువగా బజారులో అమ్మే జ్యోతిషం పుస్తకం నుంచి తీసినవి. 1960లో ఇంగ్లండులో పీటర్ వాసన్ 2, 4, 6 అనే అంకెలిచ్చి వాటి వెనుక నియమం కనుక్కోమన్నాడు. చాలామంది తమ ఊహను బలపరిచే అంకెలనే చెప్పుకుంటూ పోయినారు గాని దానిని కూలగొట్టగల అంకెలను అడగలేదు. నియమం చాలా చిన్నది: అంకెలు పెరుగుతూ పోవాలి, అంతే. ఫలించిన జోస్యాన్ని గుర్తుంచుకొని, ఫలించని దానిని మరచే మనస్సు ఇదే. అది బ్రహ్మంగారి భక్తుల సొత్తు కాదు, మనుషులందరి సొత్తు.

కాని ఇది సగం కథే. జోస్యం మామూలు రోజుల్లో కన్న ఆపద్దినాలలో ఎందుకు విజృంభిస్తుంది? ఇక్కడ మన దేశపు పరిశోధన వొకటి ప్రపంచానికి దారి చూపింది. బీహారు భూకంపం తర్వాత పాట్నాలో జమునా ప్రసాద్ అనే మనస్తత్వవేత్త వదంతులను పోగుచేసి 1935లో ప్రచురించినాడు. భూమి కంపించినా నష్టం జరగని ప్రాంతాల్లో, ఇంతకు మించిన ఉత్పాతం రానున్నదని, చంద్రగ్రహణం నాడు మళ్లీ భూమి కంపిస్తుందని వదంతులు పుట్టినవి. 1950లో డార్జిలింగులో కొండచరియలు విరిగిపడినప్పుడు దుర్గానంద సిన్హా పరిశీలించగా, వినాశం కళ్లెదుట వున్న చోట అటువంటి జోస్యాలు పుట్టలేదు. లియోన్ ఫెస్టింగర్ ఈ వ్యత్యాసం చూసి ఆశ్చర్యపడినాడు. వదంతి జనాన్ని భయపెడుతుందని మనం అనుకుంటాం. నిజానికి భయం ముందే వుంది, దానికి తగిన కారణం కంటికి కనపడదు, ఆ కారణాన్ని వదంతి సమకూరుస్తుంది. ఈ ఆలోచన నుంచే ఆయన 1957లో ప్రకటించిన వైరుధ్య సిద్ధాంతం పెరిగింది. 2020 మార్చిలో మన వీధులు నిర్మానుష్యమైనప్పుడు జబ్బు మన వూరికి ఇంకా రాలేదు, భయం వచ్చింది. ఆ భయానికి వొక పాత పద్యం పేరు పెట్టింది.

రాయలసీమవాళ్లకు ఇది పుస్తకాల ముచ్చట కాదు. 1876–78 కరువులో మద్రాసు రాజధానిలో లక్షలాది జనం చనిపోయినారు. వాన లేకపోవడం ప్రకృతి చేసింది. కాని ధాన్యం ఎగుమతి కాకుండా ఆపకపోవడం, కరువు పనిచేసేవాడికి రోజుకు సుమారు 450 గ్రాముల గింజలకు, ఆపైన కొద్ది కానులకు సరిపడా కూలి చాలునని 1877లో రిచర్డ్ టెంపుల్ తగ్గించివేయడం, ఇవి మనుషులు చేసినవి. కరువు వస్తుందని ఎప్పుడో వ్రాసి వుందంటే ఇక దానికి బాధ్యుడంటూ ఎవడూ వుండడు. దొర తప్పుకుంటాడు, వ్యాపారి తప్పుకుంటాడు. జోస్యం చేసే అసలు హాని ఇదే: అది భవిష్యత్తును చెప్పకపోవడం అటుంచి, గతానికి కారణాలు అడగనివ్వదు.

మరి మనస్తత్వ శాస్త్రం ఈ వలలో తాను పడలేదా? పడింది. 1967లో వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మనస్తత్వ, పరామనస్తత్వ శాస్త్రాల విభాగాన్ని నెలకొల్పింది. దాని స్థాపకుడు కోనేరు రామకృష్ణారావు అమెరికాలో జె.బి.రైను దగ్గర పనిచేసినవాడు. రైను పద్ధతికి ఇవ్వవలసిన గౌరవం ఇవ్వాలి. అయిదు గుర్తులు గల 25 చీట్లను తెరవకముందే చెప్పించి, చెప్పినదానిని వెంటనే వ్రాయించి, యాదృచ్ఛికంగా 5 సరిపోతాయి గనక అంతకు మించి ఎన్ని వచ్చినవో లెక్కించేవారు. కాలజ్ఞానానికి లేని తప్పు కాగల గుణం ఈ ప్రయోగానికి వుంది. కాని తప్పు కాగలిగినంత మాత్రాన చాలదు. అదే ఫలితం నమ్మనివాడి చేతిలో కూడా మళ్లీ మళ్లీ రావాలి. అట్లా నిలకడగా రాలేదు. 1974లో రైను సంస్థకు డైరెక్టరుగా వున్న వాల్టర్ లెవీ యంత్రాన్ని తారుమారు చేసి ఫలితాలు పుట్టిస్తుండగా సహోద్యోగులే పట్టుకున్నారు, రైను దానిని స్వయంగా వెల్లడించినాడు. ఆ వెల్లడింపు వరకు అది శాస్త్రానికి తగిన పనే.

పరామనస్తత్వం పేరు చెప్పి మిగతా శాఖలు తప్పించుకోవడానికి కూడా వీలులేదు. ప్రసిద్ధ పత్రికల్లో వచ్చిన 100 మనస్తత్వ అధ్యయనాలను పరిశోధకులు కూడి తిరిగి జరిపి చూసి 2015లో ఫలితం ప్రకటించినారు. మొదట 97 శాతం అధ్యయనాల్లో గణనీయమైన ఫలితం వుండగా, తిరిగి చేసినప్పుడు 36 శాతంలోనే వచ్చింది. దీనిని చూసి శాస్త్రం అబద్ధమనేవాళ్లున్నారు. నా దృష్టిలో శాస్త్రం బలం ఇక్కడే వుంది: తన డొంకను తానే కదిలించింది. అప్పటి నుంచి ప్రయోగానికి ముందే ఊహను, లెక్కించే పద్ధతిని వ్రాసి తేదీ వేసి నమోదు చేసే ఆచారం వ్యాపించింది. ఇదీ వొక విధమైన కాలజ్ఞానమే. ఐతే దీనికి తేదీ వుంది, ప్రతి వొక్కటే, దానిని ఏ చింతచెట్టు కిందా పాతిపెట్టరు, తప్పితే తప్పిందని వ్రాస్తారు.

ఈ కొలబద్ద ఎదుటివాళ్లకే గాక మనకూ వర్తిస్తుంది. పెట్టుబడిదారీ విధానం ఈసారి సంక్షోభంలో కూలి తీరుతుందని మనవైపునుంచీ ఎన్నోసార్లు జోస్యాలు వెలువడినవి. కూలకపోతే కొత్త వ్యాఖ్యానం వచ్చింది. ఏం జరిగితే మన అంచనా తప్పినట్టో ముందు చెప్పని విశ్లేషణకు శాస్త్రీయమన్న పేరు చెల్లదు.

1976లో 42వ సవరణ శాస్త్రీయ దృష్టిని పెంపొందించడం పౌరుల విధి అని రాజ్యాంగంలో చేర్చింది. విధి అన్న మాట తరగతి గదిలో రూపం ధరించాలి. ఉపాధ్యాయ మిత్రులకు నా సూచన వొకటే. "బ్రహ్మంగారు చెప్పినారు" అన్న విద్యార్థిని నోరు మూయించవద్దు. ఏ ప్రతిలో, ఏ నాటిది, ఇంకేం చెప్పి తప్పినాడు, ఏం జరిగితే నీవు నమ్మడం మానుతావు అని నాలుగు ప్రశ్నలు అడగండి. ఆ నాలుగింటినీ మీరు చెప్పే పాఠాన్ని గురించి కూడా అతనిచేత అడిగించండి.