సౌష్ఠవ నిరోధం (కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్)

కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్‌లో ఒకే కూర్పు వేర్వేరు రూపాల్లో పదేపదే ఎదురు కాకుండా చూసే పద్ధతులను సౌష్ఠవ నిరోధం అంటారు. కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్‌లో ప్రతి సమస్యకూ మూడు భాగాలుంటాయి: చరరాశులు, వాటికి ఇవ్వదగిన విలువలు, పాటించాల్సిన నిబంధనలు. పరిష్కారాన్ని మరో పరిష్కారంగా మార్చే మార్పిడే సౌష్ఠవం. ఒకచోట విఫలమైన ప్రయత్నానికి సౌష్ఠవ రూపాలు ఎన్ని ఉంటే, కంప్యూటర్ అన్నిసార్లూ విఫలమవుతుంది. అందుకే పరిష్కారమే లేని సమస్యల్లో ఈ వృథా మరీ ఎక్కువ.

ఉదాహరణ: ఆరు రేకుల పువ్వు

మచిలీపట్నం పక్కనున్న పెడన చెక్క అచ్చుల కలంకారీకి పేరుపొందింది. ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీటితో నలుపు, పటిక సాయంతో ఎరుపు, దానిమ్మ తొక్కలతో పసుపు తెస్తారు. ఈ మూడు రంగులతో ఆరు రేకుల పువ్వును నింపాలనుకుందాం. నిబంధన ఒక్కటే: పక్కపక్క రేకులకు ఒకే రంగు రాకూడదు.

నిబంధన లేకపోతే కూర్పులు 729. నిబంధనతో 66 మిగులుతాయి. బట్టను గుండ్రంగా తిప్పితే ఒకటిగా కనిపించేవాటిని కలిపితే 14. అద్దంలో ప్రతిబింబాన్నీ ఒకటిగా లెక్కిస్తే 13. ఏ రంగైనా ఒకటే, ఏయే రేకులు ఒకే రంగులో ఉన్నాయన్నదే ముఖ్యం అనుకుంటే 4 మాత్రమే.

రకాలు

రేకుల స్థానాలను మార్చేది చరరాశి సౌష్ఠవం; రంగులను తారుమారు చేసేది విలువ సౌష్ఠవం. ఏది వర్తిస్తుందో సమస్యే చెప్పాలి. నలుపే ఎక్కువగా కావాలని కొనేవారు అడిగితే నలుపును మిగతా రంగులతో తారుమారు చేసే వీలుండదు, రేకుల సౌష్ఠవం మాత్రం అలాగే ఉంటుంది.

పద్ధతులు

మొదటి దారి, వెతుకులాటకు ముందే అదనపు నిబంధనలు చేర్చడం. ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజే 1993లో ఈ ఆలోచనను ముందుకు తెచ్చారు. 1996లో క్రాఫర్డ్, గిన్స్‌బర్గ్, లక్స్, రాయ్ దానికి సాధారణ రూపం ఇచ్చారు. రంగులకు ఒక వరస పెట్టుకుని, ఆరు రేకులను ఆరక్షరాల మాటలా చదువుతారు. పువ్వుకున్న 12 సౌష్ఠవాల్లో (తిప్పుళ్లు, ప్రతిబింబాలు) వచ్చే మాటల్లో నిఘంటువులో అన్నిటికంటే ముందు వచ్చేదాన్నే ఉంచి, మిగతావాటిని తోసిపుచ్చుతారు.

రెండో దారి, వెతుకుతూనే నిరోధించడం. ఒక ఎంపిక విఫలమై వెనక్కి వచ్చినప్పుడు దాని సౌష్ఠవ రూపాలను కూడా అక్కడే నిషేధిస్తారు. బాకోఫెన్, విల్ 1999లో ఇలాంటి పద్ధతిని ప్రతిపాదించారు. 2001లో వెలువడిన మరో పద్ధతి, ప్రతి మెట్టు దగ్గరా ‘ఇది ఇదివరకు చూసి వదిలేసినదాని మారురూపమా’ అని సరిచూస్తుంది.

మూడో దారి, సమస్యను మరోలా రాయడం. ఉదాహరణకు, ఊళ్లను పడవలకు పంచే సమస్యలో రెండు పడవలు ఒకేలాంటివైతే వాటికి అంకెలు వేయకుండా, ఏయే ఊళ్లు ఒకే పడవకు చెందుతాయో చెబితే చాలు.

పట్టికల సమస్యలు

వరుసలూ నిలువు గళ్లూ రెండూ మార్చుకోదగిన పట్టికల్లో సౌష్ఠవాలు విపరీతంగా పెరుగుతాయి. ఉప్పునేలలకు తట్టుకునే వరిపై పనిచేసే మచిలీపట్నం వ్యవసాయ పరిశోధన స్థానం వంటి చోట ఏడు రకాలను ఏడు మడుల్లో, మడికి మూడేసి చొప్పున వేయాలనుకుందాం. ఏ రెండు రకాలైనా సరిగ్గా ఒక్క మడిలోనే కలవాలి. 7×7 పట్టికలో దీనికి 1,51,200 పూరణలున్నాయి. అయినా రకాల పేర్లు, మడుల అంకెలు మార్చుకుంటే అవన్నీ ఒక్కటే. వరుసల సౌష్ఠవాలు 5,040, నిలువు గళ్లవి 5,040, రెంటినీ గుణిస్తే మొత్తం 2,54,01,600. 2002లో ఫ్లెనర్ బృందం, వరుసలనూ నిలువు గళ్లనూ నిఘంటు క్రమంలో ఉంచే ‘జంట క్రమం’ పద్ధతిని విశ్లేషించింది. అది చవక, కానీ అన్ని సౌష్ఠవాలనూ తొలగించదు.

ఇలాంటి ప్రయోగ పట్టికల గణితంలో, అప్పటి కృష్ణా జిల్లా నూజివీడులో కొంతకాలం చదివిన సి.ఆర్. రావు పేరు ప్రసిద్ధం. ఆయన 1947లో ప్రచురించిన లంబ పట్టికలకు (ఆర్తోగనల్ అర్రేలకు) కూడా వరుసల, నిలువు గళ్ల, చిహ్నాల సౌష్ఠవాలు ఉంటాయి.

జాగ్రత్తలు

విడివిడిగా సరైన రెండు నిబంధనలు కలిస్తే తప్పు కావచ్చు. ఒకటి మొదటి రేకుకు వరసలో మొదటి రంగే ఉండాలనీ, మరొకటి చివరి రంగే ఉండాలనీ అంటే, పరిష్కారాలన్నీ పోతాయి. కాబట్టి ఎన్ని నిబంధనలు చేర్చినా వాటి వెనుక ఒకే క్రమం ఉండాలి. విలువలను ఎంచుకునే వరస ఆ క్రమానికి ఎదురుగా నడిస్తే, దొరకబోయిన పరిష్కారమే నిషిద్ధమై వెతుకులాట ఇంకా నెమ్మదిస్తుంది. సౌష్ఠవాలు లెక్కకు మించి ఉన్నప్పుడు ఒక్కోదానికి నిబంధన రాయడమే వృథా ఖర్చు; అప్పుడు కొన్నిటినే ఎంచుకుని మిగతావాటిని వదిలేస్తారు.