పింఛను చిట్టా

మా అమ్మమ్మ పేరు వాళ్ళ ఊరి పంచాయతీ ఆఫీసు గోడ మీద ఉండేది. వితంతు పింఛన్ల జాబితాలో, చనిపోయిన తాతయ్య పేరు పక్కన, నెలకి 200 రూపాయలు అని. దారినపోయే వాళ్ళెవరైనా నిలబడి చదువుకోవచ్చు. కిరాణా కొట్టాయన చదివాడు కూడా, డబ్బు చేతికొచ్చిన రోజే బాకీ వసూలుకి తయారయ్యేవాడు. మా నాన్నా పింఛనుదారే, ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయనకి నెలకెంత వస్తుందో అమ్మకి తప్ప ఎవరికీ తెలీదు. అమ్మకి చెప్పింది కూడా రౌండ్ ఫిగరేనని నా అనుమానం.

ఈ తేడా నాకెప్పుడూ వింతగా తోచలేదు, పోయిన నవంబరులో నాన్నకి ఆ ఫోన్ వచ్చేదాకా. లైఫ్ సర్టిఫికెట్ అందలేదు, పింఛను ఆగిపోతుంది అన్నాడు అవతలివాడు. నాన్న పేరు, శాఖ, రిటైరైన తేదీ, పీపీఓ నంబరు అన్నీ వాడే చెప్పాడు. ఓటీపీ చెప్పబోతుంటే అమ్మ ఫోన్ లాక్కుంది. ప్రజల డబ్బు ఎక్కడుంటే అక్కడి రికార్డులన్నీ తెరిచి పెట్టాల్సిందేనని స్నేహితులతో ఏళ్ళ తరబడి వాదించిన నాకు ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. అసలీ రెండు హక్కులూ, అడిగే హక్కూ దాచుకునే హక్కూ, మన దగ్గర ఎలా పెరిగాయో చూద్దామని కూర్చున్నాను.

దాచుకునే హక్కు కథలో మొదట తగిలింది ఒక తెలుగాయన. 1962లో ఖరక్ సింగ్ కేసు. రాత్రిళ్ళు పోలీసులు ఇంటికొచ్చి తలుపు కొట్టడం తప్పన్నారు గానీ, రాజ్యాంగంలో గోప్యత హక్కంటూ లేదని సుప్రీంకోర్టులో మెజారిటీ తేల్చింది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. వ్యక్తి స్వేచ్ఛలో గోప్యత విడదీయలేని భాగమని విడిగా తీర్పు రాశారు. ఆ మైనారిటీ మాట గెలవడానికి 55 ఏళ్ళు పట్టింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది జడ్జీలు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. ఆ కేసుకి ఎవరి పేరుందో చూడండి: జస్టిస్ పుట్టస్వామి, కర్ణాటక హైకోర్టులో రిటైరైన జడ్జి. ఎనభయ్యారేళ్ళ వయసులో ఆధార్ మీద పిటిషన్ వేసిన పింఛనుదారు!

అడిగే హక్కు మాత్రం కోర్టుల్లో కాదు, ఎండలో పుట్టింది. 1994లో రాజస్థాన్‌ పల్లెల్లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్ళు కరువు పనుల మస్టర్లు సంపాదించి, జనం మధ్య కూర్చుని గట్టిగా చదవడం మొదలుపెట్టారు. పని చెయ్యనివాళ్ళ పేర్లు, ఎప్పుడో చచ్చిపోయినవాళ్ళ పేర్లు కూలి తీసుకున్నట్టు బయటపడ్డాయి. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మొత్తం ఖర్చు ఎంతో చెబితే ఈ దొంగతనం దొరకదు. పేరు చదివితేనే, "వాడు పోయి మూడేళ్ళయింది కదా" అని పక్కింటివాళ్ళు లేచి నిలబడతారు. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చాక ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ పనుల సామాజిక తనిఖీలు నడిచింది కూడా ఈ పద్ధతిలోనే.

ఆ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ప్రతి ఉద్యోగి నెల జీతాన్నీ ఎవరూ అడక్కుండానే ఆఫీసు ప్రకటించాలి. మరి రిటైరైన మర్నాడు? 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పింఛను ప్రభుత్వం వేసే భిక్ష కాదు, చేసిన పనికి హక్కుగా దక్కేదని. సంఘాలు ఆ తేదీని పింఛనుదారుల దినోత్సవంగా జరుపుకుంటాయి. నాన్న ఏటా వెళ్ళి శాలువా తెచ్చుకుంటారు. పని తాలూకు బాకీయే అయితే, జీతం బహిరంగమూ పింఛను రహస్యమూ అనే వాదన నాకు నిలబడేలా కనిపించదు. పైగా పాత పద్ధతిలో పింఛను మామూలుగా ఆఖరి బేసిక్‌లో సగం. కాలిక్యులేటర్ ఉంటే చాలు.

కానీ చట్టం గాలి ఇటు వీచడం లేదు. 2012లో గిరీశ్ దేశ్‌పాండే కేసులో, ఉద్యోగి మెమోలూ ఆస్తుల వివరాలూ వ్యక్తిగతమన్నారు. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వచ్చన్న మినహాయింపు అప్పటికింకా ఆ సెక్షన్‌లోనే ఉంది. 2023 డేటా రక్షణ చట్టం ఆ 8(1)(జె)ని కత్తిరించి, "వ్యక్తిగత సమాచారం" అన్న ఒక్క ముక్క మిగిల్చింది. 2025 నవంబరులో అది అమల్లోకి వచ్చింది. ప్రజాప్రయోజనం ఎక్కువైతే ఇవ్వచ్చనే 8(2) ఇంకా ఉంది, నిజమే. దాకా వెళ్ళి వాదించే ఓపిక ఎంతమందికుంటుంది? ఇకమీద పేరున్న ప్రతి కాగితాన్నీ వ్యక్తిగతం అనెయ్యచ్చు. అలాగైతే మస్టరంతా వ్యక్తిగతమే.

నా పనిలో ఇది రోజూ చేసే సంగతి: టేబుల్ మొత్తం దాచనక్కర్లేదు, కొన్ని కాలమ్స్ దాస్తే చాలు. అదే చట్టం పదో సెక్షన్ కూడా ఇవ్వకూడని భాగం తీసేసి మిగతాది ఇమ్మంటోంది. పేరు, హోదా, రిటైరైన తేదీ, మొత్తం గోడ మీద ఉండనివ్వచ్చు. ఫోన్ నంబరు, ఖాతా, పీపీఓ నంబరు, నామినీ, వైద్య ఖర్చుల బిల్లులు ఎవరికీ అక్కర్లేదు. రిటైరైన తేదీ దగ్గర కొంచెం ఆగాను, నాన్నని నమ్మించిన వివరాల్లో అదీ ఉంది కదా. సంవత్సరం వేస్తే సరిపోతుందేమో.

ఇదంతా నాన్నకి చదివి వినిపించాను. అద్దాలు తుడుచుకుంటూ విన్నారు.

"వేసుకోనీరా, నాకేం దొంగ సొమ్మా? కాకపోతే మీ బాబాయిలు అప్పుకొస్తారు."

కాసేపాగి, "మీ అమ్మమ్మది మాత్రం అలా గోడకెక్కించకుండా ఉండాల్సింది" అన్నారు. ఆమె పేరు లేకపోతే దొంగ పేర్లు ఎలా పట్టుకుంటారని అడిగాను. నాన్న జవాబు చెప్పలేదు, టీవీ సౌండ్ పెంచారు.