సూదంటురాయి ముసుగు

మా మేనల్లుడు ఉద్యోగం మానుకొని ఇంటి వెనుక రేకుల షెడ్డులో కొయ్యపని పెట్టుకొన్నాడు. మొన్న నేను వెళ్ళేసరికి బల్లచెక్కను నున్నచేసే యంత్రం ముందు నిలబడి ఉన్నాడు. గడ్డమూ కనుబొమలూ టేకుపొడితో పచ్చబడ్డాయి. మాస్కు మాత్రం గోడమేకుకు వేలాడుతోంది. "పెట్టుకొంటే ఊపిరాడదు మామయ్యా. బ్యాటరీతో తిరిగే పంఖా ఉన్న మాస్కు ఒకటుందట. అంత ఖరీదు పెట్టడం దండగేమో చెప్పు" అన్నాడు.

తెలుగు పండితుణ్ణి, నాకు యంత్రాల సంగతి ఏమి తెలుసును? కాని మేకుకు వేలాడే ఆ మాస్కును చూడగానే పాత చరిత్రలోని మరొక బడిపంతులు మనసులో మెదిలాడు.

దుమ్మునుండి ముఖాన్ని కప్పుకోవడం కొత్త ఆలోచన కాదు. సింధూరం నూరే పనివారు పశువుల మూత్రాశయపు పొరను ముఖానికి కట్టుకొనేవారని క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే రోమనుడైన ప్లినీ వ్రాశాడు. అయితే నేను చెప్పబోయేది ఇంగ్లండులోని షెఫీల్డు కథ.

కత్తులకూ కత్తెరలకూ పేరుపొందిన ఊరది. 19వ శతాబ్దపు తొలిపాదంలో అక్కడి పనివారు ఇసుకరాతి చక్రాలపైకి వంగి సానపట్టేవారు. కత్తులను తడిసాన పట్టవచ్చును. ఫోర్కులను పొడిగానే పట్టేవారు. రేగిన దుమ్ము గుండెల్లో పేరుకొని దగ్గు, ఆయాసం, చివరకు మరణం. ఆ ఊరి వైద్యుడు ఆర్నాల్డ్ నైట్ 1830లో వ్రాసిన దాని ప్రకారం తడిసానవారు నలభై, యాభై ఏళ్ళ మధ్య పోయేవారు. ఫోర్కులు సానపట్టేవారు 28 నుండి 32 ఏళ్ళకే రాలిపోయేవారు.

ఆ ఊళ్ళో బడి నడిపే జాన్ హెన్రీ అబ్రహాం ఈ దురవస్థ చూసి, 1820ల ఆరంభంలో ఒక ఉపాయం పన్నాడు. అయస్కాంతాలు తాపిన ముసుగు ఒకటి నోటికి, మరికొన్ని అయస్కాంతాలు సానరాయి దగ్గర. ఎగిరే ఇనుపరజను వాటికి అంటుకొంటుంది. లండనులోని కళాసంఘం ఆయనను సత్కరించింది. పనివారు మాత్రం దానిని ధరించలేదు! చావులు తగ్గితే పనివారు పెరుగుతారు, కూలి పడిపోతుంది అని వారు భయపడ్డారని ఆనాటివారే వ్రాశారు. ప్రాణంకంటె కూలి బరువైన బ్రతుకులవి. వంగి పనిచేసే మనిషి నోటికి బరువు కట్టుకొని ఊపిరి ఎలా తీస్తాడన్న ప్రశ్న కూడా నాకు తోస్తుంది. అన్నిటినీ మించిన విషాదం మరొకటి ఉంది. సూదంటురాయి ఇనుమును లాగుతుందే గాని రాతిపొడిని లాగదు. ఊపిరితిత్తులను ప్రధానంగా తినివేసినది ఆ ఇసుకరాతి పొడియే.

సుమారు నూటయాభై ఏళ్ళ తరువాత, 1970లలో, అదే షెఫీల్డులోని గనుల భద్రతా పరిశోధన సంస్థ ఒక శిరస్త్రాణాన్ని రూపొందించింది. వెనుక చిన్న పంఖా, వడపోత, ముందు పారదర్శకమైన తెర, నడుముకు బ్యాటరీ. పంఖా గాలిని వడగట్టి ముఖంపైకి వదలుతుంది. పీల్చే శ్రమ మనిషిది కాదు, యంత్రానిది. నేడు పవర్డ్ రెస్పిరేటర్ అనే పరికరాలకు అది పూర్వీకులలో ఒకటి.

ఈ కథ ఆధారంగా మావాడికి నాలుగు మాటలు చెప్పాను. మొదటిది, కొయ్యపొడి అమాయకమైనది కాదు. హై వికోంబ్ ప్రాంతపు కుర్చీల పనివారిలో ముక్కులోపలి క్యాన్సరు అధికంగా ఉన్నదని ఎస్మీ హాడ్‌ఫీల్డ్ అనే వైద్యురాలు గుర్తించింది. ఆ పరిశోధన 1968లో ప్రకటితమైంది. 1995లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ కొయ్యపొడిని క్యాన్సరు కారకాల జాబితాలో చేర్చింది. రెండవది, గడ్డం ఉన్నవాడికి బిగుతు మాస్కు అంచు చర్మానికి ఆనదు. దుమ్ము ఆ సందుల్లోంచి దూరుతుంది. వదులు ముసుగులో పంఖా గాలి లోపలినుండి బయటికి నెడుతుంది కనుక గడ్డం అంతగా అడ్డురాదు. అమెరికా లెక్కల ప్రకారం సరిగా అమరిన ఎన్-95 మాస్కు దుమ్మును పదో వంతుకు తగ్గిస్తే, ముఖాన్ని కప్పే వదులు పంఖా మాస్కు ఇరవై అయిదో వంతుకు తగ్గిస్తుంది. దానికి నిమిషానికి కనీసం 170 లీటర్ల గాలి కావాలి. కనుక బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో, వడపోతలు మన ఊళ్ళో దొరుకుతాయో లేదో కొనకముందే అడగాలి. మూడవది, దుమ్ము వడపోత వార్నిషు ఆవిరిని ఆపదు. అబ్రహాం అయస్కాంతంలాగే ప్రతి వడపోతకూ ఒక హద్దు ఉంటుంది. నాలుగవది, పొడిని యంత్రం దగ్గరే పీల్చివేసే గొట్టం ముందు, మాస్కు తరువాత.

మావాడు లెక్క వేసుకొని, ఈ నెల గొట్టం, వచ్చే నెల మాస్కు అన్నాడు. అంతదాకా ఆ యంత్రాన్ని ముట్టవద్దన్నాను. ధరించలేని కవచం గోడకే రక్ష. మీ ఇళ్ళలోను కొయ్యపని, రాతిపని చేసేవారుంటే ఈ సంగతి చెప్పండి. వారి మాస్కు ముఖాన ఉన్నదో మేకున ఉన్నదో ఒకసారి చూడండి.