చెవిలో హోరుకు చెప్పిన పోలికలు

బయట ఏ శబ్దమూ లేకుండానే చెవిలో మోత వినిపించడాన్ని వైద్యులు టినిటస్ అంటారు. ఇంట్లో చెప్పుకునేటప్పుడు అది హోరు, గింగురు, గుయ్యిమనడం. సాధారణంగా అది పక్కవాడికి వినబడదు. అందుకే వేల ఏళ్లుగా వైద్యుడికి దొరికిన ముఖ్యమైన ఆధారం రోగి చెప్పే పోలికే.

సుశ్రుత సంహిత ఉత్తరతంత్రం 28 చెవి రోగాలు చెప్పి, వాటిలో కర్ణనాదాన్నీ కర్ణక్ష్వేడాన్నీ విడిగా లెక్కించింది. తర్వాతి కాలపు మాధవ నిదానం ఆ రెంటినీ శబ్దంతోనే గుర్తుపట్టమంది. భేరి, మృదంగం, శంఖం మోగినట్టుంటే కర్ణనాదం, వేణువు ఊదినట్టుంటే కర్ణక్ష్వేడం. మొదటిది వాతం వల్ల, రెండోది పిత్తాదులు కలిసిన వాతం వల్ల అని వివరణ. ఆ వివరణను ఈనాటి వైద్యం ఒప్పుకోకపోవచ్చు గాని, బరువైన మోతనూ సన్నని కూతనూ వేరుచేసిన ఆ చూపు చాలా విలువైనది.

ఫ్రెంచి వైద్యుడు ఇటార్ 1821లో రాసిన గ్రంథంలో ఈ పోలికను చికిత్సకే వాడుకున్నాడు. లోపలి మోతను పోలిన శబ్దం బయట ఉంటే ఉపశమనం కలుగుతుందని అతని ఆలోచన. భగభగ మండే పొయ్యి, తడికట్టెల మంట, ఎంతకీ తగ్గనివారికి నీటిమర దగ్గర నివాసం సూచించాడు. సంగీతకారుల సాక్ష్యం ఇంకా బరువైనది. బీథోవెన్ 1801లో మిత్రుడికి రాసిన ఉత్తరంలో రాత్రింబవళ్లూ చెవుల్లో హోరేనని వాపోయాడు. చెక్ స్వరకర్త స్మెతానా 1876లో కూర్చిన తంత్రీవాద్య రచన చివర తన చెవుడుకు ముందు వచ్చిన కూతను తారస్థాయిలో ఒకే స్వరంగా నిలిపాడు.

20వ శతాబ్దంలో కొలతలు వచ్చాయి. ఫౌలర్ అనే అమెరికన్ వైద్యుడు బయటి శబ్దంతో పోల్చి చూస్తే, భరించలేనంత మోత అన్నవారిలోనూ అది వినికిడి హద్దుకు కొద్ది డెసిబెళ్లే పైన తేలింది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ వినికిడి బాగున్న 80 మందిని నిశ్శబ్దపు గదిలో కూర్చోబెడితే 94 శాతం మంది ఏదో ఒక శబ్దం విన్నారు. అంటే బాధ ఎంతన్నది కొలతలో దొరకదు, రోగి మాటలోనే దొరుకుతుంది.

పాత విభజనకు నేటికీ పని ఉంది. మెనియర్ వ్యాధిలో తరచూ బరువైన హోరు వస్తుంది, పెద్ద శబ్దాలకు దెబ్బతిన్న చెవిలో ఎక్కువగా కీచుమనే కూత వినిపిస్తుంది. గుండె లయతో కలిసి కొట్టుకునే మోత రక్తనాళాల లోపానికి సూచన కావచ్చు. అలాంటి మోత ఉన్నా, ఒక్క చెవిలోనే మోగుతున్నా ఆలస్యం చేయకుండా చెవి వైద్యుణ్ణి కలవాలి, అది దేనిలా వినిపిస్తోందో ఉన్నదున్నట్టు చెప్పాలి.